ఆడిబిడ్డ కట్నం కింద వచ్చిన కుట్టుమిషను

దూరం కూసుంటే ఈ ముచ్చట రుచి తెల్వది, ఇటు దగ్గరికి జరుగుండ్రి. రేడియేటరు పక్కన జాగ ఉన్నది. చాయ్ చేతుల పట్టుకొనే కూసోండ్రి, కాని ఒక్కమాట, నేను చెప్పేటప్పుడు నోట్లె చాయ్ ఉంచుకోవద్దు. పోయినసారి ఇదే ముచ్చట విన్నామె తన తెల్ల చున్నీ కరాబు చేసుకొని పోయింది.

మేము ఉండేది లీసెస్టర్ల. ఇంట్ల నేను, మా ఆయన, మా బిడ్డ. ఆయనది ఆఫీసుల కంప్యూటర్ పని. నాది బడి సదువు తక్కువ. బడి ఇడిసిపెట్టినంక మా మేనత్త దగ్గర కాళ్లతోని తొక్కే మిషను మీద కుట్టుడు నేర్చుకున్న. అక్షరాలు మర్చిపోయిన గని, ఏ చుట్టానికి ఏ రంగు జాకిట్ కుట్టిన్నో ఇప్పటికీ చెప్త. బిడ్డ ఈడనే పుట్టింది. తెలుగు అంతా అర్థమైతది, జవాబు మాత్రం ఇంగ్లీషుల ఇస్తది, అది కూడ ఈ ఊరోళ్ల యాసల. నేను తెలుగుల కోప్పడుత, అది ఇంగ్లీషుల ఎదురు చెప్తది, మధ్యల మా ఆయన టీవీ సౌండు పెంచుతడు.

ఈడ మనోళ్లమంతా కలిసి ఏటా ఒక కమ్యూనిటీ హాలు తీసుకొని బతుకమ్మ ఆడుతం. తంగేడు పువ్వు దొరకది. సూపర్‌మార్కెట్ చామంతులు, ఎవరి గార్డెన్ల పూసినయి వాళ్లు తెస్తరు, అన్ని కలిపి పేర్చుతం. బతుకమ్మ తల్లి ఏనాడు ఇదేం పువ్వు అని అడగలే.

ఈ మిషను ఇంటికి రాకముందేడు బిడ్డకు హైదరాబాదు నుంచి పార్సెలుల లంగ జాకిట్ తెప్పించినం. పైన చూస్తే కండ్లు జిగేలుమన్నయి. లోపల చూస్తే జరీ అంచులు కోసింది కోసినట్టే ఒదిలేసిండ్రు, లైనింగు గోనెసంచి లెక్క ఉన్నది. ఇగ ఆనాడు హాల్ల మా పిల్ల బతుకమ్మ చుట్టు తిరుగుడు లేదు, చప్పట్లు లేవు. ఒక చెయ్యి నడుము మీద, ఒక చెయ్యి ఈపు మీద, గోక్కునుడే గోక్కునుడు. ఒక ఆంటీ వచ్చి నా చెవుల గుసగుసలాడింది, "పిల్లకు చికెన్‌పాక్సా? అయితే మా మనుమడిని దూరం పట్టుకుంట."

ఇంటికొచ్చి అది లంగను మూలకు ఇసిరికొట్టి చెప్పింది, "ఐయామ్ నాట్ గోయింగ్ ఎవర్ అగైన్, మమ్."

లంగ పోతే పోనీ. బతుకమ్మకే రానంటే నా పానం ఎట్లుంటదో మీరే చెప్పండ్రి. అందరి పిల్లలు ఆ గుండ్రంల తిరుగుతుంటె నా బిడ్డ ఇంట్ల సోఫల కూసుంటదా? నాకు బువ్వ సయించలే.

ఆ మరుసటేడు ఎండకాలంల, అదే ఈ దేశంల ఎండ వచ్చిన ఆ పూట, నా లగ్గం పట్టుచీరను గాలికి ఆరేసిన. నేరేడుపండు రంగు, మామిడిపిందెల అంచు. కట్టి కట్టి మెత్తబడ్డది. బిడ్డ అటు పోతూ పోతూ చెయ్యి పెట్టింది. తీయలే. చెంప కూడ ఆనించింది.

"దిస్ ఈజ్ సో సాఫ్ట్, మమ్."

నేను చేపకు గాలం ఏసినట్టు మెల్లగ అడిగిన, "దీనితోని లంగ కుడితే తొడుక్కుంటవా?"

"నువ్వే కుట్టాలె. నో పార్సెల్. ఇఫ్ ఇట్ డజంట్ ఇచ్, ఐ విల్ వేర్ ఇట్."

"బతుకమ్మకు వస్తవా?"

అది కొంచెం ఆలోచించి, "ఐ విల్ కమ్," అన్నది.

అంతే, నేను వంటింట్లకు పోయి ఒక్కదాన్నే ఎగిరిన. ఎగిరి దిగినంక యాదికొచ్చింది, కుట్టెటందుకు మిషను ఏది?

మా ఆయనకు చెప్తే పొంగిపోయిండు. ఆయనకు ఏ వస్తువు కొనుడన్నా మస్తు ఇష్టం, ఎందుకంటే కొన్నోళ్లు ఇచ్చిన స్టార్లు ఫోన్ల చూడొచ్చు. కుక్కరు కొన్నా స్టార్లే, చెప్పులు కొన్నా స్టార్లే. "నాలుగున్నర స్టార్లే! ధర కూడ అగ్గువ. రేపే వస్తదట!" అన్నడు. వచ్చింది. డబ్బ చూసి నేను మిషనుతోని పాటు ఇచ్చే సామాన్ల డబ్బ అనుకున్న. కాదు, అదే మిషను. గులాబి రంగు ప్లాస్టిక్కు, పిల్లల టిఫిన్‌బాక్సంత.

మెత్తటి కాటన్ బట్ట పెడితే పాపం బుద్ధిగ కుట్టింది. పట్టు అంచు కింద లైనింగు మడిచి పెట్టిన్నో లేదో, ఒక్క ఎగురు ఎగిరింది. టేబులు మీద టపటప కప్ప లెక్క దుంకుకుంట పోతున్నది, దాని ఎంట బట్ట, బట్ట ఎంట నేను. బిడ్డ ఉరికొచ్చి రెండు చేతులతోని కోడిని అదిమినట్టు అదిమిపట్టింది. "కుట్టు అమ్మా, కుట్టు, ఐ హావ్ గాట్ ఇట్!" అంటది. నవ్వుకు మా ఇద్దరికి చేతులల్ల బలం లేదు. మా ఆయన మాత్రం ఇంక ఫోనే చూస్తుండు, "మరి వీళ్లందరు మంచిగున్నది అని ఎట్ల రాసిండ్రే?" అని. వాళ్లు జేబురుమాలలు కుట్టుకున్నరేమో. దాన్ని మర్నాడే వాపసు పంపినం.

ఈ సంగతి మా వదినెకు తెల్సింది. వదినె అంటే మా ఆయన అక్క, నాటింగ్‌హామ్‌ల ఉంటది, ఆసుపత్రి రిసెప్షన్‌ల పని. పేషంట్లకు డాక్టరుకంటె ముందు ఆమెనే మందు చెప్తది. శనివారం కారేసుకొని వచ్చి, లోపటికి రాకముందే గుమ్మంల నిలబడి హుకుం జారీ చేసింది. "ఏమే పిల్లా, నన్ను అడగకుంట మిషను కొంటరా? కొత్తది కొనాలె, పెద్దది కొనాలె, కంప్యూటర్ ఉన్నది కొనాలె. నడువుండ్రి."

నడిచినం. ఊరి బయట పెద్ద దుకాణం. నేను హాండ్‌బ్యాగుల నా పరీక్ష బట్ట పట్టుకపోయిన. నా లగ్గంనాటి జాకిట్ ముక్క జరీ అంచు, కింద లైనింగు, దాన్ని మడత పెడితే నాలుగు పొరలు. ఏ మిషను ఈ నాలుగు పొరలు దాటుతదో అదే నా మిషను. మేనత్త నేర్పిన మాట ఇది. వంకాయ కొనేటప్పుడు చేతుల పట్టి చూస్తం కద, మిషను కొనేటప్పుడు మన బట్ట మన చేతుల ఉండాలె.

ఆ దుకాణంల మిషనుకు టీవీ లెక్క తెర ఉన్నది. తెర మీద ఒత్తితే పువ్వులు కుడ్తది, అక్షరాలు కుడ్తది, ఏనుగులు కుడ్తది. వదినె, మా ఆయన, అక్కాతమ్ముళ్లు ఇద్దరు నన్ను మర్చిపోయి ఏనుగుల వరస మీద పడ్డరు. "చూడే, తొండం కూడ వచ్చింది!" అని వదినె. "లంగ అంచుకు ఏనుగులు పెట్టుకోవచ్చు!" అని మా ఆయన. నేను నా నాలుగు పొరలు పెట్టిన. అది కూయ్ కూయ్ మని అరిచి ఆగిపోయింది. తెర మీద ఏందో రాసింది. బిడ్డ సదివి చెప్పింది, "ఇట్ సేస్ నో, మమ్." ధర చీటి తిప్పి చూసినం. దానికంటె ఏనుగునే కొనుక్కొని గార్డెన్ల కట్టేసుకునుడు నయం.

వాపసు వస్తుంటె కార్ల నేనే మెల్లగ అన్న. "బస్సుల పోయేటప్పుడు ఒక చిన్న దుకాణం చూస్త నేను. కిటికి నిండ మిషన్లే. పాతయి బాగు చేసి అమ్ముతడట."

వదినె బ్రేకు ఏసినంత పని చేసింది. "పాతదా? సెకండ్‌హాండా? మా పుట్టింట్ల చెంచా కూడ సెకండ్‌హాండ్‌ది లేదే!"

మా ఆయన, "దానికి స్టార్లుంటయా?"

"స్టార్లు లేవు, సూది ఉన్నది. చూస్తే పోయేదేముంది?" అన్న. అయినా వదినె కారు తిప్పింది. వద్దన్న పనిని దగ్గరుండి వద్దనకపోతే ఆమెకు తృప్తి ఉండదు.

దుకాణం ఇరుకు. నూనె వాసన, ఇనుము వాసన, మా మేనత్త ఇంటి వాసన. ఒక తెల్ల ముసలాయన, కండ్లద్దాలు తాడుకు ఏలాడుతున్నయి. "కమ్ ఇన్, మీ డక్," అన్నడు. ఈ దిక్కు ముసలోళ్లు ప్రేమగ అందర్ని అట్లనే పిలుస్తరు, మనం బిడ్డా అన్నట్టు. మా బిడ్డ మాత్రం మేమెవరో తనకు ఎర్క లేనట్టు గుండీల డబ్బల దగ్గరికి పోయి నిలబడ్డది. మాతోని ఏ దుకాణానికి పోయినా అది చేసే మొదటి పని అదే.

ముసలాయన ఒక మిషను ముందు పెట్టిండు. పాలమీగడ రంగు. కరెంటుది. లోపల పండ్లచక్రాలన్ని ఇనుమువే, తెరిచి చూపించిండు. సీదా కుట్టు, జిగ్‌జాగ్, కాజాలు, అంతే. కింది దారం చుట్టే బాబిన్లు ఏడనన్న దొరికే రకం. ఏమన్న అయితే తన దగ్గరికే తెమ్మన్నడు. నేను లేపి చూసిన, నిండు బిందె లెక్క ఉన్నది. ఈ బరువుది కప్ప లెక్క ఎగరది. ధర కూడ మా చేతికి అందేదే. నాకు ఆడనే మనసు పడ్డది. గని మా ఆయన ఫోన్ల దాని పేరు ఎతుకుతుండు, దొరుకుతలేదు. వదినె చీరకు ధూళి అంటకుండ కొంగు ఎత్తిపట్టుకొని, "దీన్ని ఎంతమంది తొక్కిండ్రో," అంటున్నది.

"ట్రై ఇట్," అన్నడు ముసలాయన.

ఇగ వినుండ్రి. నేను కూసున్న. బూట్లు ఇప్పి పక్కకు పెట్టిన. అన్నం పెట్టే మిషను మీద చెప్పు కాలు పెడ్తమా? మిషనును తాకి కండ్లకు అద్దుకున్న. ముసలాయన ఒక అడుగు ఎనుకకేసిండు. వదినె ఆయనకు, "ప్రేయర్, ప్రేయర్. షి ఈజ్ ఓకే," అని సర్దిచెప్పింది. నాలుగు పొరలు సూది కింద పెట్టిన. ఈ దేశం చలికి నా భుజం మీద ఉన్ని శాలువ ఉన్నది. మా ఆయన ఫోను ఇడిసి చూద్దామని నా మీదికి వంగిండు, ఆయన మెడల మఫ్లరు ఏలాడుతున్నది. మేమిద్దరం చూసింది సూదిని, చుట్టుపక్కల చూడలే.

నాకు చిన్ననాటి అలవాటు. కాలుమిషను మీద ఎట్లంటే, కుడిచేత్తోని చక్రం తిప్పాలె, రెండు పాదాలు పెట్టి మడిమ ఒకసారి, మునివేళ్లు ఒకసారి ఊపాలె. గట్లనే చేసిన. చక్రం తిప్పిన. రెండు పాదాలు తెచ్చి ఆ చిన్న పెడల్ మీద పెట్టి నా బరువంత ఏసి తొక్కిన.

ఝుయ్యిమన్నది! గుర్రం ఎక్కినట్టయింది నాకు. బట్ట ఉరుకుతున్నది, నేను ఆపాలని ఇంక తొక్కుతున్న. "కాలు తియ్యే! కాలు తియ్యే!" అని మా ఆయన నా చెవుల ఒర్లుతుండు. ఏ కాలు? రెండున్నయి కద! ముసలాయన పోయి ప్లగ్గు కాడ బందు పెట్టిండు.

ఆగినంక మా ఆయన నిటారుగ లేవబోయిండు. మెడ రాలే. నేను ఎనుకకు జరగబోయిన. భుజం రాలే. చూస్తే ఏముంది, నా శాలువ కొంగు, ఆయన మఫ్లరు కొస, మధ్యల నా నాలుగు పొరలు, అన్ని కలిపి గట్టిగ ఒక్కటే కుట్టు!

మొదలు వదినె నోరు తెరిచింది. "అయ్యో! కొంగుముడి!" అని రెండు చేతులు చెంపల మీద పెట్టుకున్నది. "నీ లగ్గంల నా చేతులతోని నేనేసిన ముడి ఇది. ఇప్పుడు మిషనేసింది!"

ముసలాయన పాపం మంచితనంతోని కత్తెర పట్టుకొని దగ్గరికొచ్చిండు. వదినె రెండు చేతులు చాపి అడ్డం నిలబడ్డది. "నో సిజర్స్! నో కటింగ్! దే ఆర్ మ్యారీడ్!"

ఆయన కత్తెరను, మమ్మల్ని మార్చి మార్చి చూసి, "వాళ్లను కొయ్యనమ్మా, దారమే కోస్త," అన్నడు ఇంగ్లీషుల.

"ముడికి కత్తెర పెడితే అశుభం. ఆడిబిడ్డనే ఇప్పాలె," అని వదినె నాకు తెలుగుల చెప్పి, ఆయనకు ఇంగ్లీషుల, "ఓన్లీ సిస్టర్ కెన్ ఓపెన్," అన్నది. అప్పుడే ఒకామె చేతుల జిప్పు పోయిన ప్యాంటు పట్టుకొని లోపలికొచ్చింది. ఏమైందని కండ్లతోనే అడిగింది. ముసలాయన ఏ మాత్రం నవ్వకుండ, "వెడ్డింగ్," అన్నడు. ఆమె ప్యాంటు పక్కకు పెట్టి చూసుకుంట నిలబడ్డది.

గుండీల దగ్గర నుంచి కిస్సుమని సప్పుడొచ్చింది. మా బిడ్డ. కడుపు పట్టుకొని కిందికి వంగి నవ్వుతున్నది, ఎక్కిళ్లు పెట్టుకుంట నవ్వుతున్నది. మమ్మల్ని ఎర్కలేనట్టు ఉండుడు మర్చిపోయి వచ్చి ఆ కుట్టును పట్టి గుంజింది. రాలే. మా ఆయన గుంజిండు. మఫ్లరు సాగింది, నా శాలువ సాగింది, కుట్టు మాత్రం పోగు కదలలే. నేను సూది పైకి లేపి, బట్ట తిప్పి కిందిదిక్కు చూసిన. పైన ఎట్లున్నదో కింద గట్లనే, ఆవాలు వరసగ పేర్చినట్టు. ఉన్ని, పట్టు, జరీ, లైనింగు, అన్నిట్ల నుంచి దూసుకపోయింది, సూది కూడ ఇరగలే!

"మమ్," అన్నది బిడ్డ కండ్లు తుడుచుకుంట, "దిస్ ఈజ్ ద వన్."

"మరి ఇప్పు అక్కా," అన్నడు మా ఆయన, మెడ వంచుకొనే.

వదినె ముసలాయన ఇచ్చిన కుట్లు ఇప్పే పుల్ల చేతుల పట్టుకున్నది గని ఇప్పలే. ఎదురుంగ స్టూలు గుంజుకొని దర్జగ కూసున్నది. "కట్నం ఏది?"

"ఏం కట్నం?"

"కొంగుముడి ఇప్పితే ఆడిబిడ్డకు కట్నం ఇయ్యాల్నా వద్దా? లగ్గంల పట్టుచీర పెట్టినవ్. ఇప్పుడేం పెడ్తవ్?"

"అక్కా, ఇది దుకాణమే!"

"అయితే గట్లనే ఉండుండ్రి ఇద్దరు. నాకేం, బయట పార్కింగు సాయంత్రం దాక ఉన్నది."

"సరే తియ్, ఏం కావాలె? చీరనా?"

వదినె మిషను దిక్కు చూసింది. నా దిక్కు చూసింది. పెదవులు బిగబట్టింది గని కండ్లల్ల నవ్వు దాగలే. "చీర వద్దు. ఈ మిషను కొని నీ పెండ్లానికియ్యి. అదే నా కట్నం."

"నువ్వే కదనే పాతది వద్దన్నవ్!"

"అప్పుడు వద్దన్న. ఇప్పుడు కావాలంటున్న. ఆడిబిడ్డ నోట వచ్చిన మాట, కాదంటవా?"

"దీనికి స్టార్లు…"

"నీ స్టార్లు పాడుగాను! నీ మెడను పట్టుకున్న మిషనురా ఇది, ఇంకేం సాక్ష్యం కావాలె నీకు?"

మా ఆయన ఒప్పుకున్నడు. ఒప్పుకోక ఏం చేస్తడు, మెడ మిషను కాడ ఉన్నది. అప్పుడు వదినె ఒక్కొక్క కుట్టు ఇప్పింది. ప్యాంటు తెచ్చినామె చప్పట్లు కొట్టింది. అడిగితే పోయేదేముందని వదినె బేరం చేసింది. ధర దిగలే గని ముసలాయన డబ్బెడు బాబిన్లు ఉత్తగనే ఇచ్చిండు, పెండ్లి కానుక అని. మిషనును మా ఆయన చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకొని కార్ల పెట్టి, సీటుబెల్టు కూడ పెట్టిండు.

ఇంటికొచ్చినంక ఒక్క కాలుతోని తొక్కుడు నేర్చుకున్న, కోడిగుడ్డు మీద కాలు పెట్టినట్టు. ఇగ చీర కోసుడు ఉన్నది. లగ్గం చీర మీద కత్తెర పెట్టుడంటే మాటలా? కోసినంక మళ్ల చీర కాదు. ఒకవేళ అది కూడ గుచ్చుతున్నదంటే నాకు చీరా లేదు, పిల్ల బతుకమ్మా లేదు. దేవునికి దండం పెట్టి, కండ్లు మూసుకోవద్దు కాబట్టి మూసుకోలే, కోసిన. జరీ అంచు కొసలన్ని లోపలికి మడిచి, వాటి మీద మల్‌మల్ లైనింగు తిప్పి కుట్టిన. నడుము పట్టీకి మా బిడ్డ చిన్ననాటి ఫ్లానెల్ దుప్పటి ముక్క ఏసిన. మిషను ఎక్కడ కూడ అలగలే. మందం అంచు వచ్చినప్పుడు కొంచెం గురగురమన్నది, అంతే, ముసలోళ్లు మెట్లు ఎక్కేటప్పుడు అన్నట్టు.

తొడిగి చూడు బిడ్డా అంటె, అది ముందు లంగను తిరగేసి లోపటి దిక్కు చెంపకు రాసుకున్నది. మెడకు రాసుకున్నది. తొడుక్కొని సోఫల కూసున్నది, మెట్లు ఎక్కి దిగింది, గార్డెన్ల పిల్లిమొగ్గ కూడ ఏసింది. నేను అడగలే. అదే వచ్చి, "కెన్ ఇట్ హావ్ పాకెట్స్?" అన్నది.

ఫోన్ల వదినెకు చెప్తే, "బతుకమ్మ లంగకు జేబులా! ఎవరన్న వింటె నవ్వుతరు!" అని ఒకటే కోపం. ఫోను పెట్టెయ్యకముందు గొంతు తగ్గించి, "నా లోపలి లంగకు కూడ ఒకటి పెట్టు, కారు తాళం పట్టేటంత," అన్నది.

బతుకమ్మ నాడు వాన. ఎవరి గొడుగు కింద వాళ్లు బతుకమ్మలు పట్టుకొని హాల్లకు ఉరికినం. పాట ఎత్తుకున్నరు. మా బిడ్డ గుండ్రంల నిలబడ్డది. నేను పాటకు గొంతు కలిపిన గని నా కండ్లు దాని చేతుల మీదనే. మొదటి చుట్టు, చేతులు చప్పట్లు కొడుతున్నయి. ఇంకో చుట్టు, నడుము దిక్కు పోతలేవు. పాట జోరందుకున్నది. అది గిర్రున తిరిగింది, నేరేడు రంగు లంగ గొడుగు లెక్క విచ్చుకున్నది, మామిడిపిందెలన్ని ఎగిరినయి. ఎన్నడు చూడని నవ్వు దాని ముఖంల. పక్కపిల్లల చేతులు పట్టి వాళ్లను కూడ తిప్పుతున్నది.

పాట అయిపోయింది. సద్దులు పంచుతున్నరు. పల్లెంల పులిహోర, పెరుగన్నం పెట్టుకొని పిలిచిన, "తిందువు రా బిడ్డా."

"వన్ మోర్ రౌండ్, మమ్!"

ఇంకో పాట. ఇంకోసారి పిలిచిన. "వన్ మోర్!" ఈసారి అది గుండ్రంల నుంచే చెయ్యి చాపింది, నువ్వే రా అన్నట్టు. పల్లెం కుర్చీ మీద పెట్టిన. నేను పోయిన. ఆ పులిహోర ఎవరు తిన్నరో నాకు ఇప్పటిదాక తెల్వది.

ఇగ మీ చాయ్ కూడ అయిపోయింది. పోయిరాండ్రి. మీ గడప పచ్చగుండాలె, మీ పిల్లలు పిలిస్తే పలికేటంత దగ్గర్ల ఉండాలె, వచ్చినోళ్లకు పెట్టేటంత బువ్వ, పెట్టినంక కూసొని నవ్వేటంత తీరిక మీ ఇంటికి ఎప్పుడు కొదువ కావద్దు. ఇంటిల్లిపాది సల్లగుండుండ్రి.